బీఫ్ శాండ్‌విచ్‌లో బలమెంత, కిడ్నీలకు భయమెంత?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా వారికి నాలుగేళ్లుగా కిడ్నీ జబ్బు ఉంది. డయాలసిస్ దాకా రాలేదు గాని రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం 3 దాటింది. మాంసం, పప్పు బాగా తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. మా చిన్నబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. వయసు 24, బరువు 68 కిలోలు. రోజూ మధ్యాహ్నం బీఫ్ కైమాతో చేసిన శాండ్‌విచ్ తింటున్నానని, చవకగా వస్తుందని, బలం కూడా అని అంటున్నాడు. ఏ మాంసం అన్న పట్టింపు మా ఇంట్లో లేదు. నా భయమల్లా కిడ్నీల గురించే. పోయిన నెల వాడికి అక్కడ రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 1.3 వచ్చిందట. ఆ శాండ్‌విచ్‌లో నిజంగా పోషకాలు ఉన్నాయా? దానివల్ల తండ్రి జబ్బు వాడికీ వస్తుందా? సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంట్లోనే మేక కైమాతో చేసిపెడితే మంచిదా?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీరు అడిగినవి మూడు ప్రశ్నలే అయినా మిమ్మల్ని నిద్రపోనివ్వనిది రెండవది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. మామూలు మోతాదులో తిన్న మాంసం ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలను పాడు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. అలాగని మీ అబ్బాయి చెబుతున్నంత మేలైన భోజనమూ కాదది. మాంసం వరకు మంచిదే. దానితో పాటు కడుపులోకి వెళ్లే ఉప్పు, కొవ్వు, ప్రతిరోజూ అదే తినడం, అన్నింటినీ మించి కైమా లోపలిదాకా ఉడకకపోవడం, ఇవీ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతం నుంచి వెళ్లిన పిల్లవాడు జాగ్రత్తపడవలసిన విషయాలు.

ఇక పోషకాల మాట. అమెరికా దుకాణాల్లో బీఫ్ కైమా పొట్లం మీద 80/20, 85/15, 93/7 అని అంకెలు వేసి ఉంటాయి. మొదటి అంకె కొవ్వు తీసిన మాంసం శాతాన్ని, రెండవది కొవ్వు శాతాన్ని చెబుతుంది. అక్కడి నిబంధనల ప్రకారం కైమాలో కొవ్వు 30 శాతం మించకూడదు. మీ అబ్బాయి తినే తరహా శాండ్‌విచ్‌లకు, అంటే బర్గర్లకు, ఎక్కువగా వాడేది 80/20 రకం, ఎందుకంటే కొవ్వు ఉంటేనే ప్యాటీ, అంటే బన్నులో పెట్టే కైమా బిళ్ల, ఎండిపోకుండా మెత్తగా ఉంటుంది, ధర కూడా తక్కువ. ‘క్వార్టర్ పౌండ్’ అని అమ్మే ప్యాటీ బరువు 113 గ్రాములు, అయితే అది పచ్చి మాంసం బరువు. పెనం మీద కాలేసరికి అందులో సుమారు నాలుగోవంతు నీరుగా, కరిగిన కొవ్వుగా పోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఆ ముక్కలో దాదాపు 285 కేలరీల శక్తి, 19 గ్రాముల ప్రోటీన్, 23 గ్రాముల కొవ్వు ఉంటాయి. కాలిన తరువాత ప్రోటీన్ ఇంచుమించు అంతే మిగులుతుంది, కొవ్వు మాత్రం 15 గ్రాముల దాకా దిగుతుంది, శక్తి 230 కేలరీల ప్రాంతానికి వస్తుంది. కారిన కొవ్వును వంచి పారబోస్తేనే ఈ తగ్గుదల. అదే కొవ్వులో బన్నును కాల్చి తింటే పోయిందనుకున్నది తిరిగి వచ్చినట్లే.

మీ అబ్బాయి బలం అన్నమాటలో నిజముంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 68 కిలోల మనిషికి అది 56 గ్రాములు. ప్యాటీలోని 19 గ్రాములకు బన్నులోని నాలుగైదు గ్రాములు కలిపితే రోజు అవసరంలో పదింట నాలుగు పాళ్లకు పైగా, అంటే 40 శాతం దాటి, ఒక్క పూటలోనే అందుతోంది. శరీరానికి అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ అందులో తగిన పాళ్లలో ఉంటాయి. మొక్కల ఆహారంలో దొరకని బి12 విటమిన్ రోజుకు సరిపడేంతకు కాస్త అటూఇటూగా ఆ ముక్కలోనే ఉంటుంది. జింకు కూడా బాగానే దొరుకుతుంది.

ఇనుము విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అంకె చూసి పొరబడేవారు ఎక్కువ. ఆ ప్యాటీలో ఉండేది సుమారు 2 మిల్లీగ్రాములే. కాగితం మీద మన చోడి (రాగి) పిండిలోనో తోటకూరలోనో అంతకంటే ఎక్కువ కనబడుతుంది. కాని మాంసంలోని ఇనుములో కొంత భాగం రక్తవర్ణకంతో ముడిపడిన రూపంలో ఉంటుంది. దానిని పేగు సులువుగా పీల్చుకుంటుంది. గింజల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుమును ఫైటేట్ల వంటి పదార్థాలు పట్టి ఉంచడం వల్ల ఒంటికి పట్టేది స్వల్పం. అందుకే మన దేశంలో పురుషులకు రోజుకు 19 మిల్లీగ్రాములు కావాలని సిఫారసు చేస్తే, మాంసం ఎక్కువగా తినే అమెరికాలో 8 చాలన్నారు. మాంసంతో కలిపి తిన్నప్పుడు పక్కనున్న పప్పులో, కూరలో ఉన్న ఇనుము కూడా మెరుగ్గా ఒంటపడుతుంది. అంటే రక్తహీనతకు ఈ మాంసం ఉపకారమే. అయితే మీ అబ్బాయికి రక్తం తక్కువని మీరు రాయలేదు, కాబట్టి ఆ పేరుతో రోజూ తినవలసిన అగత్యం అతనికి లేదు.

లేనివి ఏమిటంటే, మాంసంలో పీచు అసలు ఉండదు, తెల్లని మైదా బన్నులో ఒకటి రెండు గ్రాములు మించదు, సి విటమిన్ దాదాపు సున్న, కాల్షియం నామమాత్రం. రెండువేల కేలరీలు తినే మనిషికి రోజుకు 30 గ్రాముల పీచు అవసరమని మన పోషకాహార సంస్థ చెబుతుంటే, మధ్యాహ్న భోజనం మొత్తం కలిసి రెండు గ్రాములు ఇస్తే మిగిలినది రాత్రికి ఎక్కడినుంచి వస్తుంది? అక్కడ ఒంటరిగా ఉండే కుర్రాళ్లు రాత్రి పూట వండుకునేది అన్నం, ఒక గుడ్డు, వెంట తెచ్చుకున్న ఆవకాయ అయితే చాలామందికి మలబద్ధకం ఎందుకు వస్తోందో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ ప్యాటీ చుట్టూ ఏమి చేరుతుందో చూడండి. బన్ను 140 కేలరీలు. ప్రాసెస్డ్ చీజ్ ముక్క ఒకటి వేస్తే మరో 70. ఒక పెద్ద చెంచాడు మయోనైజ్ 90కి పైనే, అందులో ఉన్నదంతా నూనె. టొమాటో కెచప్ 20. మొత్తం 550 దగ్గరకు వచ్చింది. ఇందులో సంతృప్త కొవ్వు సుమారు 12 గ్రాములు ఉంటుంది. రెండువేల కేలరీలు తినే మనిషికి రోజుకు 22 గ్రాములు దాటకూడదన్నది పరిమితి, అంటే సగానికి పైగా అయిపోయింది. ఉప్పులోని సోడియం లెక్క ఇంకా కష్టంగా ఉంటుంది. బన్నులో 200 మిల్లీగ్రాములకు పైగా, చీజ్‌లో 200కు పైగా, కెచప్‌లో 150, ఊరవేసిన దోసకాయ ముక్కల్లో ఇంకొంత, ప్యాటీ మీద చల్లిన ఉప్పుతో ఇంకొంత, కలిపితే వెయ్యి దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు 2000 మిల్లీగ్రాములు, అంటే 5 గ్రాముల ఉప్పు. దానికి తోడు బంగాళదుంప వేపుడు పొట్లం, 355 మిల్లీలీటర్ల కోలా డబ్బా తీసుకుంటే ఆ డబ్బాలోనే 39 గ్రాముల చక్కెర ఉంటుంది. ఇవన్నీ కలిపి తక్కువ ధరకు ఇచ్చే ‘మీల్’ పద్ధతి అక్కడ ఉంది. మీ అబ్బాయి చవక అన్నది దానినే అయితే, శాండ్‌విచ్ కంటే ముందు ఆ పొట్లాన్నీ డబ్బానూ మానమనండి.

అదే శాండ్‌విచ్‌ను 93/7 రకం కైమాతో గదిలోనే చేసుకొని, చీజ్, మయోనైజ్ మానేసి, ఉల్లిపాయ, టొమాటో, పాలకూర లాంటి ఆకులు దట్టంగా పెట్టుకుంటే కేలరీలు 320కి, సంతృప్త కొవ్వు నాలుగు గ్రాములకు దిగుతాయి. ప్రోటీన్ మాత్రం ఇంకాస్త పెరుగుతుంది, ఎందుకంటే కొవ్వు తగ్గినచోట మాంసం చేరుతుంది. ఒకే పేరున్న రెండు శాండ్‌విచ్‌ల మధ్య ఇంత అంతరం ఉన్నప్పుడు ‘బీఫ్ శాండ్‌విచ్ మంచిదా, చెడ్డదా’ అని అడిగితే ఏదని చెప్పగలం? ఇక్కడ ఇంకొక మాట. అమెరికాలో విడి కైమాను తియ్యని టొమాటో సాసులో ఉడికించి బన్నులో పెట్టే రకం కూడా ఉంది. దానికి డబ్బా సాసు వాడితే ఉప్పు, చక్కెర రెండూ పెరుగుతాయి.

మీ వారికి మాంసం, పప్పు తగ్గించమన్నారు కదా, అదే నియమం కొడుక్కీ వర్తిస్తుందేమోనని మీరు అనుకున్నారు. వర్తించదు. ప్రోటీన్ జీర్ణమయ్యాక మిగిలే యూరియా వంటి వ్యర్థాలను బయటకు పంపే పని మూత్రపిండాలది. క్రియాటినిన్ 3 దాటిన మనిషిలో ఆ శక్తి బాగా సన్నగిల్లి ఉంటుంది కనుక, డయాలసిస్ మొదలుకాని దశలో ఆ భారాన్ని తగ్గిస్తారు. మూత్రపిండాలు సరిగా ఉన్న 24 ఏళ్ల యువకుడికి 56 గ్రాములో, 70 గ్రాములో ప్రోటీన్ భారం కాదు. అయితే తండ్రికి జబ్బు ఉంది, ఊరు ఉద్దానం. కాబట్టి జిమ్‌లో ఎవరో చెప్పారని ప్రోటీన్ పొడులు కలిపి తాగి, కిలో బరువుకు రెండు గ్రాముల లెక్కకు పోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ఇది నా ముందుజాగ్రత్తే తప్ప నిరూపితమైన ప్రమాదం అని అనను.

ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బు బారినపడినవారిలో కొబ్బరితోటల్లో, జీడితోటల్లో, పొలాల్లో ఎండకు పనిచేసేవారు ఎందరో ఉన్నారు. వారి కంచంలో రోజూ ఉండేది అన్నం, అంబలి, చేపల పులుసు. వారికి ఈ కష్టం మాంసం తినడం వల్ల వచ్చిందని ఎవరూ అనలేరు. కనుక తండ్రికి వచ్చినది కొడుక్కి బర్గరు ద్వారా వస్తుందన్న ఊహకు తావు లేదు. మీ కుటుంబంలో జబ్బు ఉన్నందువల్ల అతను పరీక్షలు చేయించుకుంటూ ఉండవలసిన మాట మాత్రం నిజం.

అందుకే ఆ 1.3 అంకెను తేలికగా తీసుకోను, అలాగని భయపెట్టను. పురుషులకు క్రియాటినిన్ సాధారణంగా 0.7 నుంచి 1.3 వరకు ఉండవచ్చంటారు. 24 ఏళ్ల వయసుకు, 1.3కు లెక్కకడితే మూత్రపిండాలు రక్తాన్ని వడపోసే రేటు నిమిషానికి 79 మిల్లీలీటర్ల ప్రాంతంలో వస్తుంది, ఆ వయసుకు అది కొంచెం తక్కువే. కాని ఇక్కడే శాండ్‌విచ్ పాత్ర ఒకటుంది. కండరంలో ఉండే క్రియాటిన్ వండినప్పుడు వేడికి కొంతమేర క్రియాటినిన్‌గా మారుతుంది. అది తిన్న కొన్ని గంటలపాటు రక్తంలోని అంకె పైకి లేస్తుంది, మూత్రపిండాలకు ఏమీ కాకపోయినా సరే. మధ్యాహ్నం బర్గరు తిని, మూడు గంటలకు రక్తం ఇచ్చి ఉంటే ఆ 1.3లో కొంత వాటా మాంసానిదే కావచ్చు. కండలు పెంచడానికి క్రియాటిన్ పొడి వాడినా, ముందురోజు గట్టిగా వ్యాయామం చేసినా ఇలాగే జరగవచ్చు. కనుక పరీక్షకు ముందు 12 గంటలు మాంసం ముట్టకుండా, నీళ్లు మామూలుగా తాగి, ఉదయం పూట మళ్లీ చేయించుకోమనండి. దానితో పాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి పరీక్ష, రక్తపోటు కూడా చూపించుకోవాలి. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకపోవచ్చు, అందువల్ల మూత్రపరీక్ష బాగుందని రక్తపరీక్ష మానకూడదు. ఫలితం బాగుంటే ఏడాదికోసారి చాలు. బాగుండకపోతే మూడు నెలల్లోపు తిరిగి చేయించి, మార్పు లేదంటే మూత్రపిండాల వైద్యుని కలవాలి. మీ అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడయితే, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మీకు దగ్గరే కదా.

బీఫ్ కైమాకూ మూత్రపిండాలకూ నేరుగా సంబంధం ఉన్నది ఇంకొకచోట, దాని గురించి మీ ఉత్తరంలో లేదు. పశువుల పేగుల్లో ఉండే ఇ. కోలై ఓ157:హెచ్7 అనే సూక్ష్మజీవి పశువును కోసేటప్పుడు మాంసం పైభాగానికి అంటుకునే అవకాశముంది. పెద్ద ముక్కగా కాల్చినప్పుడు పైన ఉన్నది వేడికి చస్తుంది, లోపల కొంచెం ఎర్రగా ఉన్నా ప్రమాదం తక్కువ. కైమా కొట్టినప్పుడు పైన ఉన్నది ముద్ద నడిమధ్యకు చేరుతుంది. ఎన్నో పశువుల మాంసం కలిసిన కైమాలో ఒక్కదానికి అంటినా మొత్తానికి అంటినట్లే. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా కాలని బర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఈ సూక్ష్మజీవి వదిలే విషం వల్ల కొందరిలో రక్తకణాలు చితికి, మూత్రపిండాలు హఠాత్తుగా పనిచేయడం మానేస్తాయి. చిన్నపిల్లల్లో, ముసలివారిలో ఇది ఎక్కువ. ఆ మరుసటి సంవత్సరం, 1994లో, కైమాలో ఈ సూక్ష్మజీవి ఉంటే ఆ సరుకును కల్తీ సరుకుగా పరిగణించాలని అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించింది.

కాబట్టి హోటల్లో ప్యాటీ ఎలా కావాలని అడిగినప్పుడు ‘మీడియం’ అని స్నేహితులను చూసి అనకుండా, పూర్తిగా కాల్చమని మీ అబ్బాయి చెప్పాలి. ఇంట్లో చేసుకుంటే నడిమధ్య వేడి 71 డిగ్రీల సెల్సియస్‌కు, అక్కడి లెక్కలో 160 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరాలి. రంగు చూసి తేల్చుకోకూడదు, ఎందుకంటే కొన్ని ప్యాటీలు లోపల గులాబీరంగు పోకముందే ఉడుకుతాయి, కొన్ని గోధుమరంగు వచ్చాక కూడా ఉడకవు. పొడుగు సూది ఉన్న వంటగది థర్మామీటరు అక్కడ తక్కువ ధరకే దొరుకుతుంది, ప్యాటీ పక్కవైపు నుంచి మధ్యలోకి గుచ్చి చూడాలి. పచ్చి కైమా పట్టిన చేతితో బన్ను ముట్టుకోకూడదన్నది మన ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు గాని, గదిలో నలుగురు కుర్రాళ్లు కలిసి వండుకునేచోట ఆ మాట గోడకు అంటించినా తప్పులేదు.

ఇదే సందర్భంలో మీరు ప్రయాణానికి ముందు అతని పెట్టెలో సర్దిన మందుల సంచి గుర్తు చేస్తున్నాను. విరేచనాలకో మాత్ర, ఒళ్లు నొప్పులకో మాత్ర, జ్వరానికో మాత్ర అని ప్రతి తల్లీ సర్దుతుంది. రక్తంతో విరేచనాలు అయితే వాటిని ఆపే మాత్రగాని, యాంటీబయాటిక్ గాని సొంతంగా వేసుకోకుండా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను తరచుగా వాడటం, ముఖ్యంగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాడటం, మూత్రపిండాలకు నిజంగా హాని. శాండ్‌విచ్ గురించి మీరు పడుతున్న బెంగలో సగం ఈ మాత్రల మీద పెడితే మేలని నా అభిప్రాయం.

ఎన్నిసార్లు తినవచ్చు? 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎర్ర మాంసాన్ని బహుశా క్యాన్సర్ కారకమైనదిగా, ఉప్పువేసి నిలవచేసిన సాసేజ్, బేకన్ వంటివాటిని కచ్చితంగా క్యాన్సర్ కారకమైనవిగా వర్గీకరించింది. ముఖ్యంగా పెద్దపేగు విషయంలో. ఎర్ర మాంసం అంటే ఆవు, గేదె, మేక, గొర్రె, పంది అన్నీ వస్తాయి. వండిన మాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములకు లోపు ఉంచుకోమని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి చెబుతోంది. కాలిన ప్యాటీ 85 గ్రాములనుకుంటే, వారానికి ఏడు రోజులు తింటే 600 దాకా అవుతుంది. రెండు, మూడు రోజులకు పరిమితం చేసుకోమనండి. మిగిలిన రోజుల్లో గుడ్లు, కోడిమాంసం, చేప ఉండవచ్చు. అక్కడ డబ్బాల్లో దొరికే శనగలు, బీన్స్ చవక, పీచు పుష్కలం. వాటిలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది కనుక నీళ్లతో కడిగి వాడుకోవాలి. మాంసం తిన్న పూట చీజ్ వద్దని ఇంకోసారి అంటాను. రుచి కోసం వేసే ఆ ప్రాసెస్డ్ చీజ్‌లో కలిపే ఫాస్ఫేటు లవణాలు సహజంగా మాంసంలో ఉండే ఫాస్ఫరస్ కంటే ఎక్కువగా రక్తంలోకి చేరతాయి. కోలాలో కూడా ఫాస్ఫారిక్ ఆమ్లమే ఉంటుంది. మూత్రపిండాలు బాగున్నవారికి ఇది అత్యవసర సమస్య కాదు, మీ వారికి మాత్రం ఈ రెండూ పూర్తిగా వద్దు.

సంక్రాంతికి మేక కైమాతో చేయాలన్న ఆలోచన బాగుంది. మేక మాంసంలో సహజంగానే కొవ్వు తక్కువ, ప్రోటీన్ ఇంచుమించు సమానం, ఇనుము కూడా ఏమీ తీసిపోదు. కాని ఆ మేలు దుకాణంలో మీరు ఏ ముక్క కొట్టించారన్నదాని మీద ఉంటుంది. బరువు తూగడానికి కొవ్వు కలిపి కొడతారు కాబట్టి, తొడ భాగం చూపించి, పైన అంటుకున్న తెల్లని కొవ్వు తీయించి, మీ కళ్లముందే కైమా కొట్టించండి. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, కొత్తిమీర, పచ్చిమిర్చి దండిగా వేస్తే ఉప్పు సగం తగ్గించినా రుచిలో తేడా తెలియదు. నీరు ఇంకేదాకా ఉడికించి, దింపాక నిమ్మరసం పిండండి. బేకరీ బన్నులో పెట్టవచ్చు, లేదా చోడి రొట్టెలో చుట్టి ఇవ్వవచ్చు, దానితో బన్నులో లేని పీచు, కాల్షియం రెండూ వస్తాయి. ఉప్పు తగ్గించమన్నానని బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొని ఇంటిల్లిపాదికీ వాడకండి. అందులో సోడియానికి బదులు పొటాషియం ఉంటుంది, మీ వారి స్థితిలో అది గుండెకు ప్రమాదం. పండుగ పూట ఆయనకూ ఆ కైమా రుచి చూపించాలని మీకు ఉంటుంది. ఎన్ని చెంచాలు పెట్టవచ్చో, ఆ రోజు పప్పు మానాలో అక్కరలేదో ఆయన తాజా రక్తపరీక్ష కాగితం చూపించి డాక్టరుగారినే అడగండి.